అప్పులు తీరుస్తూ ఇంటి బడ్జెట్ నడుపుకోవడం: నా అనుభవం

అప్పు లేని ఇంట్లో లెక్క కాస్త అటూ ఇటూ అయితే ఆ నెల పొదుపు తగ్గుతుంది, అంతే. అప్పు ఉన్న ఇంట్లో మాత్రం తేడా వచ్చిన సొమ్మంతా కొత్త అప్పుగా మారి, దాని మీద మళ్లీ వడ్డీ పుడుతుంది. ఈ సంగతి మాకు మాటగా ఎప్పుడూ తెలిసిందే గానీ, అంకెల్లో చూసుకున్నప్పుడే ఏం చేయాలో తోచింది. ఆ అంకెలు ఎలా రాబట్టామో, వాటిని చూసి ఏ నిర్ణయాలు తీసుకున్నామో, వాటిలో ఏవి నిలిచాయో వివరంగా రాస్తున్నాను.

మాది ఐదుగురి కుటుంబం. మావారిది నెల జీతం. నేను ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. ఆ ఆదాయం ఒక నెల ఉన్నట్టు మరో నెల ఉండదు. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు, మా అత్తగారు మాతోనే ఉంటారు. మామగారి వైద్యానికి బ్యాంకులో తీసుకున్న వ్యక్తిగత రుణం, మావారి బండి మీద వాహన రుణం, క్రెడిట్ కార్డు బకాయి, మా బాబాయిగారి దగ్గర తెచ్చుకున్న చేబదులు, ఇలా నాలుగు రకాల అప్పులు ఒకేసారి నెత్తిన ఉండేవి. మొత్తాలు చెప్పడం కంటే నెల ఆదాయాన్ని వందగా అనుకుని పాళ్లలో చెబితే, చదివేవారు తమ ఇంటి లెక్కకు సులువుగా అన్వయించుకోగలరని నా ఉద్దేశం.

మొదట చేసిన పని, వచ్చే నెల ఎంత ఖర్చు పెట్టాలో రాసుకోవడం కాదు, గడిచిన మూడు నెలల్లో నిజంగా ఎంత ఖర్చయిందో తవ్వి తీయడం. బ్యాంకు స్టేట్‌మెంట్లు, కార్డు బిల్లులు, ఫోన్‌లో చేసిన చెల్లింపుల చరిత్ర ముందు పెట్టుకుని, ఒక్కొక్క పద్దునూ పొడవాటి నోటు పుస్తకంలో దింపాం. అద్దె, కిరాణా, కూరగాయలు, పాలు, కరెంటు, గ్యాస్, ప్రయాణాలు, ఫోన్లు, అత్తగారి మందులు కలిపి 52 పాళ్లు తేలాయి. వాయిదాలు 38 పాళ్లు: వ్యక్తిగత రుణానికి 22, కార్డుకు కట్టే కనీస మొత్తం 8, బండికి 5, బాబాయిగారికి ఇస్తున్నది 3. రెండూ కలిపితే 90. అంటే నెలకు 10 పాళ్లు మిగలాలి.

మావారు ఆ మొత్తాన్ని రెండుసార్లు కూడి చూసి, "పది మిగులుతున్నట్టు కాగితం చెబుతోంది. మరి కార్డు బకాయి ఎందుకు పెరుగుతోంది?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెదకడంలోనే మా ఇంటి బడ్జెట్ అసలు రూపం బయటపడింది.

జవాబు మూడు నెలల లెక్కలో లేదు, పన్నెండు నెలల లెక్కలో ఉంది. ఏడాది స్టేట్‌మెంట్ మొత్తం తీసి, ప్రతి నెలా రాని ఖర్చులను మాత్రమే వేరే కాగితం మీదికి ఎక్కించాను. అడ్డంగా పన్నెండు నెలలు, నిలువుగా ఖర్చుల పేర్లు. పిల్లల బడి ఫీజు రెండు గడుల్లో పడింది. దాని పక్కనే పుస్తకాలు, యూనిఫారాలు, బూట్లు. జీవిత బీమా, ఆరోగ్య బీమా, బండి బీమాల ప్రీమియంలు మూడు వేర్వేరు నెలల్లో ఉన్నాయి. బండి సర్వీసు, టైర్లు, అత్తగారి కళ్లజోడు, పంపు రిపేరు, బంధువుల ఇళ్ల శుభకార్యాలకు ఇచ్చిన కానుకలు, ఊళ్లకు వెళ్లి వచ్చిన ఛార్జీలు, పండుగ బట్టలు. విడివిడిగా చూస్తే ఒక్కటీ దుబారా కాదు, ఒక్కటీ అనుకోని ఖర్చూ కాదు. ఫీజు ప్రతి ఏడూ అదే నెలలో వస్తుంది, ప్రీమియం గడువు పాలసీ మీదే అచ్చయి ఉంటుంది. అన్నిటినీ కూడి పన్నెండుతో భాగిస్తే నెలకు 14 పాళ్లు తేలింది.

అప్పుడు లెక్క తిరగబడింది. 52, 38, 14 కలిపితే 104. పది మిగులు అనుకున్నది నిజానికి నాలుగు లోటు. ఇలాంటి ఖర్చేదీ లేని నెలలో ఆ పది పాళ్లు ఇంట్లో ఏదో ఒక అవసరానికి కరిగిపోయేవి. ఫీజు నెల వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండేది కాదు కనుక కార్డు గీకడం తప్పేది కాదు. నెలకు నాలుగు పాళ్ల లోటు అంటే ఏడాదికి 48, అంటే దాదాపు సగం నెల ఆదాయం వాయిదాలు కడుతూనే మళ్లీ అప్పుగా పేరుకుంటోందన్న మాట. ఒక చేత్తో అప్పు తీరుస్తూ మరో చేత్తో అప్పు చేయడం అంటే అదే. నన్ను అడిగితే, అప్పులున్న ఇంటికి నెల అనేది సరైన కొలత కాదు, ఏడాదే సరైన కొలత. జీతం నెలకోసారి వస్తుంది కాబట్టి బడ్జెట్ కూడా నెలదే అనుకుంటాం గానీ, ఖర్చులకు ఆ నియమం లేదు.

ఇదే దృష్టితో కిరాణా లెక్కనూ తిరిగి చూశాం. నెలకు నాలుగు వారాలు అనుకుని వారానికి ఇంత అని కేటాయించడం చాలా ఇళ్లలో ఉన్నదే. నాలుగు వారాల చొప్పున పన్నెండు నెలలకు 48 వారాలే అవుతాయి. ఏడాదిలో ఉన్నవి 52. మిగిలిన నాలుగు వారాలకు, అంటే దాదాపు ఒక నెల కిరాణాకు, ఏ పద్దులోనూ డబ్బు ఉండదు. అందుకని కిరాణాకు నెల మొత్తం కాకుండా ఏడాది మొత్తం వేసుకుని 52తో భాగించి, ఆదివారం నాడు ఆ వారం సొమ్మును వేరే పర్సులో పెట్టడం మొదలుపెట్టాను. నెలాఖరు రోజుల్లో రెండో మూడో వస్తువుల కోసం కార్డు తీసే అవసరం దాంతోనే చాలావరకు తగ్గింది.

ఇక కోత ఎక్కడ పెట్టాలన్నది. యాభై–ముప్పై–ఇరవై సూత్రం గురించి చాలామంది వినే ఉంటారు. అమెరికాలో దివాలా చట్టం బోధించి, తరువాత సెనేటర్ అయిన ఎలిజబెత్ వారెన్ తన కుమార్తెతో కలిసి 2005లో దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. చేతికొచ్చే ఆదాయంలో 50 శాతం తప్పనిసరి అవసరాలకు, 30 శాతం కోరికలకు, 20 శాతం పొదుపుకూ అప్పులను త్వరగా తీర్చడానికీ కేటాయించాలని దాని సారాంశం. మంచి సూత్రమే, కానీ వాయిదాలే 38 పాళ్లు తీసుకుపోతున్న ఇంటికి అది సరిపడదు. కట్టి తీరాల్సిన వాయిదాలు కూడా అవసరాల కిందికే వస్తాయి కాబట్టి మా అవసరాలు 50 దగ్గర ఎలాగూ ఆగవు. ఆ సూత్రంలో ఒదగడం లేదని కుంగిపోవడం కంటే, అప్పులు తీరిన తరువాత చేరుకోవలసిన స్థితిగా దాన్ని పక్కన పెట్టుకోవడమే సబబనిపించింది.

కోతకు ముందు, కోయకూడనివేవో రాసుకున్నాం. అత్తగారి మందులు, ఆరోగ్య బీమా ప్రీమియం, పిల్లల పాలు, పళ్లు. ఆరోగ్య బీమాను ఒక ఏడాది ఆపితే ఎంత మిగులుతుందో మావారు లెక్క వేశారు. నేను ఒప్పుకోలేదు. మా పెద్ద అప్పు వైద్యం వల్లనే వచ్చింది. మళ్లీ అలాంటి అవసరం వస్తే ఆ ప్రీమియం కంటే ఎన్నో రెట్లు అప్పు అవుతుంది. ఆ పద్దు అలాగే ఉంచాం. వాడకం తక్కువున్న రెండో ఇంటర్నెట్ కనెక్షన్, అందరి ఫోన్లకూ ఉన్న పెద్ద ప్లాన్లు, ఆటో డెబిట్‌లో నెలనెలా కట్ అవుతున్న రెండు మూడు చందాలు, బయటి నుంచి భోజనం తెప్పించుకోవడం, ఇలాంటివి తగ్గించి 52ను 46కు తెచ్చాం. ఏడాది ఖర్చుల్లో కానుకలు, ప్రయాణాలు కొంత తగ్గి 14 కాస్తా 12 అయింది. 46, 12, 38 కలిపితే 96. నాలుగు లోటు నాలుగు మిగులుగా మారింది. అంకె చిన్నదే, కానీ ఆ నెల నుంచి కొత్త అప్పు పుట్టడం ఆగింది.

ఆ 12 పాళ్లను జీతం పడిన రోజే వేరే ఖాతాకు పంపే ఏర్పాటు చేశాం. ఆ ఖాతాకు కార్డు తీసుకోలేదు, ఫోన్‌లో చెల్లింపుల యాప్‌కు కలపలేదు. ఫీజు కట్టాల్సిన రోజు అందులోంచి బయటికి తీస్తాం, అంతకు ముందు ముట్టుకోం. ఇక్కడ ఒక చిక్కు వస్తుంది: ఏర్పాటు మొదలుపెట్టిన రెండో నెలలోనే పెద్ద ప్రీమియం పడితే, ఖాతాలో రెండు నెలల సొమ్మే ఉంటుంది. అందుకే పట్టికలో రాబోయే ఆరు నెలల ఖర్చులు చూసుకుని, తొలి నెలల్లో ఎక్కువ, తరువాత తక్కువ వేసుకున్నాం. బీమా సంస్థను అడిగి ఏడాది ప్రీమియాన్ని ఒకేసారి కట్టే బదులు రెండు భాగాలుగా కట్టేలా మార్పించుకున్నాం. అందుకు కాస్త ఎక్కువ కట్టవలసి వచ్చినా, కార్డు వడ్డీతో పోలిస్తే అది చాలా తక్కువ.

నా ఆదాయం సంగతి వేరుగా చెప్పాలి. కుట్టుపనికి పెళ్లిళ్ల రోజుల్లో చేతినిండా పని ఉంటుంది, కొన్ని నెలల్లో రెండు మూడు జాకెట్ల కంటే రావు. సగటు తీసి బడ్జెట్‌లో వేసుకుంటే తక్కువ వచ్చిన నెలలో వాయిదా తప్పుతుంది. అందుకని గడిచిన ఏడాదిలో అతి తక్కువ వచ్చిన నెల ఎంతో చూసి, ఆ మొత్తాన్నే వందలో కలిపాను. అంతకు మించి వచ్చినదంతా నెల ఖర్చుల్లోకి రానివ్వకుండా, సగం అప్పుల మీదికి అదనంగా, సగం అత్యవసర నిల్వకు పంపుతూ వచ్చాం. జీతం నిలకడగా లేనివారెవరికైనా ఈ పద్ధతి పనికొస్తుందని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఆదాయం పెరిగిన నెలలోనే ఇంటి ఖర్చు తెలియకుండా పెరుగుతుంది, తగ్గిన నెలలో మాత్రం ఆ ఖర్చు వెనక్కి తగ్గదు.

ఇప్పుడు అప్పుల దగ్గరికి వస్తాను. నాలుగు అప్పులనూ ఒకే కాగితం మీద రాసి, ఒక్కొక్క దానికి ఎదురుగా మిగిలిన అసలు, ఏడాది వడ్డీ రేటు, వాయిదా, ఇంకా ఎన్ని నెలలు, ముందుగా తీరిస్తే రుసుము ఉందా అన్నవి వేసుకున్నాం. ఇందులో వడ్డీ రేటు గడి నింపడమే కష్టం, ఎందుకంటే ఒక్కొక్కరు ఒక్కొక్క భాషలో చెబుతారు. నూటికి నెలకు రెండు అంటే వినడానికి చిన్నదిగా ఉంటుంది. అది ఏడాదికి 24 శాతం. 72ను వడ్డీ రేటుతో భాగిస్తే సొమ్ము రెట్టింపు కావడానికి ఎన్నేళ్లు పడుతుందో సుమారుగా తెలుస్తుంది. ఆ లెక్కన 24 శాతానికి చక్రవడ్డీ అయితే మూడేళ్లలో అప్పు రెండింతలవుతుంది.

బండి రుణం కాగితాల మీద 10 శాతం ఫ్లాట్ వడ్డీ అని ఉంది. ఫ్లాట్ అంటే మనం అసలు తీరుస్తూ వస్తున్నా, మొదట తీసుకున్న పూర్తి మొత్తం మీదే చివరి దాకా వడ్డీ వేస్తారు. లక్షకు మూడేళ్ల వడ్డీ 30,000. నెలకు 3,611 చొప్పున 36 వాయిదాలు. తగ్గుతున్న అసలు మీద మాత్రమే వడ్డీ వేసే బ్యాంకు పద్ధతిలో చూస్తే అది దాదాపు 18 శాతం రేటుతో సమానం. అంటే 14 శాతం అని రాసి ఉన్న మా వ్యక్తిగత రుణం కంటే, 10 శాతం అని రాసి ఉన్న బండి రుణమే ఖరీదైనది. రెండు రేట్లనూ ఒకే పద్ధతిలోకి మార్చి చూసుకోకుండా ఏది ముందు తీర్చాలో నిర్ణయించడం కుదరదు.

కార్డు సంగతి మరీ లోతైనది. నెలకు మూడున్నర శాతం అంటే ఏడాదికి 42. వడ్డీ మీద వడ్డీ కలుపుకుంటే 51 శాతం దాటుతుంది. బిల్లు లక్ష అనుకుందాం. అందులో 5 శాతం, అంటే 5,000, కనీస చెల్లింపుగా కడితే 95,000 మిగులుతుంది. దాని మీద 3,325 వడ్డీ పడి మరుసటి బిల్లు 98,325 అవుతుంది. ఐదు వేలు కట్టినా తగ్గింది 1,675 మాత్రమే. పైగా బకాయి తగ్గే కొద్దీ కనీస మొత్తం కూడా తగ్గుతుంది కాబట్టి తీరే వేగమూ తగ్గిపోతుంది: కార్డు మీద కొత్తగా ఏమీ కొనకపోయినా, మూడున్నరేళ్లు కనీస మొత్తమే కడుతూ పోతే ఇంకా దాదాపు సగం బకాయి మిగిలే ఉంటుంది. అదే, బిల్లులో ఎంత కనిపించినా పట్టించుకోకుండా ప్రతి నెలా మొదటి నెల కట్టిన 5,000 చొప్పునే కడితే 33 నెలల్లో మొత్తం తీరిపోతుంది. ఈ ఒక్క లెక్క వేసుకున్న రాత్రి మేమిద్దరం చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం. నెలనెలా చేతి నుంచి పోయేది మొదట్లో రెంటిలోనూ ఒకటే. వాయిదాను తగ్గనివ్వకపోవడం ఒక్కటే తేడా.

మా బకాయి నెల ఆదాయానికి ఒకటిన్నర రెట్లు దాటి, వందకు 160 ఉండేది. కార్డు సంస్థకు ఫోన్ చేసి, మొత్తం బకాయిని వాయిదాల రుణంగా మార్చే వీలుందా అని అడిగాం. ఏడాదికి 16 శాతం మీద 24 నెలలకు మార్చడానికి ఒప్పుకున్నారు. కట్టేది అదే 8 పాళ్లు, తీరేది మాత్రం 33 నెలలకు బదులు 24 నెలల్లో. ప్రాసెసింగ్ రుసుము ఎంతో అడిగి, అది కలుపుకున్నా లాభమేనని లెక్క చూసుకున్న తరువాతే సరే అన్నాం. అయితే ఇలా మార్చుకున్నాక ఒక ప్రమాదం ఉంటుంది: వాయిదాలు కట్టే కొద్దీ కార్డులో ఖాళీ పెరుగుతూ వస్తుంది, ఆ ఖాళీ మళ్లీ వాడుకోమని పిలుస్తూ ఉంటుంది. అందుకని కార్డు పరిమితిని తగ్గించమని రాతపూర్వకంగా కోరాం, ఆన్‌లైన్ కొనుగోళ్ల యాప్‌లన్నిటి నుంచీ కార్డు నంబరు తీసేశాం. ఏడాది ఖర్చుల ఖాతా లేకుండా ఈ పని చేసి ఉంటే, తరువాతి ఫీజు నెలలోనే కార్డు మళ్లీ బయటికి వచ్చేదని నా గట్టి నమ్మకం.

ఏది ముందు తీర్చాలన్న దాని మీద రెండు అభిప్రాయాలు ప్రసిద్ధం. ఎక్కువ వడ్డీ ఉన్నదాన్ని ముందు తీర్చమని ఒకటి, తక్కువ మొత్తం ఉన్నదాన్ని ముందు తీర్చమని మరొకటి. వడ్డీ లెక్కలో మొదటిదే లాభం, అందులో సందేహం లేదు. చిన్న అప్పు ముందు తీరితే ఒక వాయిదా పూర్తిగా ఖాళీ అవుతుంది, ఇంట్లో అందరికీ ధైర్యం వస్తుంది, అది రెండోదానిలోని బలం. మేము బండి రుణానికి కొద్ది నెలలే మిగిలి ఉన్నందున దాన్ని దాని దారిన ముగియనిచ్చాం. చివరి వాయిదాల్లో వడ్డీ భాగం తక్కువ కాబట్టి ముందుగా కట్టి పెద్దగా మిగిలేదేమీ లేదు. అది ముగిసిన నెల నుంచి ఆ 5 పాళ్లను కార్డు వాయిదాలకు తోడు చేశాం. ఖాళీ అయిన వాయిదాను ఒక్క నెలైనా ఇంటి ఖర్చుల్లో కలవనివ్వకపోవడం ముఖ్యం. అందుకే బండి చివరి వాయిదాకు ముందే కార్డు చెల్లింపును పెంచే ఏర్పాటు బ్యాంకులో చేసి ఉంచాం.

బాబాయిగారి చేబదులు విషయంలో మాత్రం వడ్డీ లెక్కను పక్కన పెట్టాను. ఆయన వడ్డీ అడగలేదు. "తొందరేం లేదమ్మా, ముందు బ్యాంకు వాళ్లది చూసుకోండి" అన్నారు. లెక్క ప్రకారం అయితే వడ్డీ లేని అప్పు అందరికంటే చివర తీర్చాలి. కానీ అవసరానికి ఆదుకున్న మనిషికి నెలకు మూడు పాళ్లైనా ఆగకుండా ఇవ్వడం మా బాధ్యత అనుకున్నాం. ఇచ్చిన ప్రతిసారీ తేదీ, మొత్తం, మిగిలినది ఆయనకు సందేశం పంపి, మా పుస్తకంలోనూ రాసుకున్నాం. బంధువుల మధ్య మాట పట్టింపులు వచ్చేది చాలావరకు డబ్బు ఇవ్వనందుకు కాదు, లెక్క చెప్పనందుకు.

వాయిదా తేదీల సర్దుబాటు చిన్న పనే గానీ దాని ఫలితం ఎక్కువ. జీతం ఒకటో తేదీన వస్తుంటే వ్యక్తిగత రుణం వాయిదా 25న పడేది. నెలాఖరులో ఖాతాలో నిల్వ చాలక వాయిదా వెనక్కి పోతే బ్యాంకు జరిమానాతో పాటు, అప్పులు ఎలా తీరుస్తున్నామో నమోదయ్యే క్రెడిట్ రిపోర్టులో మచ్చ కూడా పడుతుంది. బ్యాంకుకు లేఖ రాసి ఆ తేదీని ఐదుకు మార్పించుకున్నాం. ఇప్పుడు మొదటి వారంలోనే వాయిదాలు, ఏడాది ఖర్చుల సొమ్ము, అద్దె అన్నీ వెళ్లిపోతాయి. ఆ తరువాత ఖాతాలో ఉన్నది ఎంతో అంతే మా నెల.

అత్యవసర నిల్వ గురించి ఇంట్లో కొంత వాదన జరిగింది. అప్పు మీద 16 శాతం వడ్డీ కడుతూ, బ్యాంకు పొదుపు ఖాతాలో నామమాత్రపు వడ్డీకి డబ్బు ఉంచడం నష్టం కదా అని మావారి ప్రశ్న. లెక్కకు నష్టమే. కానీ చేతిలో ఏమీ లేని ఇంట్లో అనుకోని ఖర్చు వస్తే దొరికేది కార్డు వడ్డీకే. ఒక నెల ఇంటి ఖర్చుకు సరిపడా నిల్వ చేరేదాకా నాలుగు పాళ్ల మిగులునూ, నా అదనపు ఆదాయంలో సగాన్నీ అందులోకే పంపాలని, ఆ తరువాతే ఆ సొమ్మునూ అదనపు చెల్లింపులకు మళ్లించాలని చివరికి ఒప్పందానికి వచ్చాం. ఆ నిల్వ తీయాలంటే ఖర్చు అనుకోనిది అయి ఉండాలి, తప్పనిసరిది అయి ఉండాలి, వాయిదా వేయడానికి వీలులేనిది అయి ఉండాలి. ఫీజు ఈ కొలతకు రాదు, అది ఎప్పుడొస్తుందో తెలుసు.

నిల్వ ఇంకా పూర్తి కాకముందే పరీక్ష ఎదురైంది. కుట్టుపని మందగించిన నెలలోనే ఫ్రిజ్ కంప్రెసర్ పాడైంది, అదే వారంలో అత్తగారికి జ్వరం వచ్చి పరీక్షలు చేయించాల్సి వచ్చింది. "నా కోసం కొత్త అప్పు చేయకండమ్మాయ్" అని ఆవిడ బాధపడ్డారు. నిల్వ పుస్తకం తెచ్చి ఆవిడకు చూపించాను; డబ్బు ఉందని అంకెల్లో చూశాకే ఆవిడ మనసు కుదుటపడింది. ఆ రెండు ఖర్చులూ నిల్వలోంచే గడిచాయి. తరువాతి నెలల్లో నిల్వ మళ్లీ నిండేదాకా అదనపు చెల్లింపులు ఆపాం, మామూలు వాయిదాలు మాత్రం ఒక్కటీ ఆగలేదు. అప్పు తీరే తేదీ కొంత వెనక్కి జరిగింది. జరిగితే జరిగిందని అనుకున్నాం, ఎందుకంటే ఆ తేదీని కాపాడుకోవడం కోసం కార్డు వాడి ఉంటే అది ఇంకా చాలా వెనక్కి పోయేది.

పిల్లలకు ఎంత చెప్పాలన్నది మరో ప్రశ్న. అప్పు మొత్తాలు చెప్పి భయపెట్టడం నాకు ఇష్టం లేదు. ఇంట్లో ప్రతి ఖర్చుకూ ముందే పేరు పెట్టిన డబ్బు ఉంటుందని, ఆ నెలకు లేని ఖర్చు వచ్చే నెల పట్టికలో రాయవచ్చని చెప్పాం. మా పెద్దవాడు తనకు కావలసిన సైకిల్‌ను ఏడాది పట్టికలో తనే రాసుకుని, ఎన్ని నెలలకు ఎంత పడుతుందో భాగించి చూపించాడు. కుదరదు అని చెప్పడానికీ, ఎప్పుడు కుదురుతుందో చెప్పడానికీ పిల్లల మనసులో ఎంత తేడా ఉంటుందో అప్పుడు చూశాను.

ప్రతి నెల చివరి ఆదివారం నేను, మావారు కూర్చుని పట్టిక చూస్తాం. ఏ పద్దు దాటింది, ఎందుకు దాటింది, వచ్చే నెల ఏ గడిలో ఏముంది. ఒక పద్దు వరుసగా దాటుతుంటే అది మనుషుల తప్పని కాకుండా, కేటాయింపు తక్కువైందని తీసుకుంటాం; కరెంటు పద్దును వేసవి నెలలకు వేరుగా పెంచింది అలాగే. బడ్జెట్‌ను ఇలా సవరించుకోకపోతే ఎవరూ ఎక్కువ కాలం దానికి కట్టుబడి ఉండలేరు.

కార్డు వాయిదాలు గడువుకంటే ముందే పూర్తయ్యాయి. ఇప్పుడు 8, 5 కలిపి 13 పాళ్లు ఖాళీ అయ్యాయి. మూడు పాళ్లు ఏడాది ఖర్చుల ఖాతాకు పెంచాం, ఎందుకంటే ఫీజులు పెరిగాయి, కోసిన ప్రయాణాలు కొన్ని తిరిగి కావాలి. మిగిలిన పదీ వ్యక్తిగత రుణం అసలు మీదికి అదనంగా వెళుతున్నాయి. ఇలా అసలులో కొంత ముందుగా కట్టినప్పుడు, వాయిదా మొత్తం తగ్గించమంటారా, గడువు తగ్గించమంటారా అని బ్యాంకు అడుగుతుంది. వాయిదా తగ్గితే నెలకు ఊపిరాడుతుంది. గడువు తగ్గితే వడ్డీ ఎక్కువ మిగులుతుంది. 14 శాతం మీద ఐదేళ్లకు మూడు లక్షలు తీసుకుంటే వాయిదా దాదాపు 6,980. మొదటి నెల అందులో 3,500, అంటే సగానికి పైగా, వడ్డీకే పోతుంది. మొదటి నుంచీ నెలకు 2,000 అదనంగా కడితే 60 నెలల రుణం 43 నెలల్లో తీరి, వడ్డీలో సుమారు 36,000 మిగులుతుంది. రుణం తొలినాళ్లలో కట్టిన అదనపు సొమ్ముకే బలం ఎక్కువ; చివరి నెలల్లో కట్టినదానికి అంత ఫలితం ఉండదు. మేము సగం దాటాక మొదలుపెట్టాం, అయినా గడువు తగ్గించడాన్నే ఎంచుకున్నాం. అదనంగా కట్టిన సొమ్ము అసలు కింద జమ అయిందో, రాబోయే వాయిదాకు అడ్వాన్సుగా పెట్టారో స్టేట్‌మెంట్‌లో ప్రతిసారీ చూసుకోవాలి. ఒకసారి అడ్వాన్సుగా పడితే లేఖ ఇచ్చి సరిచేయించుకున్నాం.

అప్పు తీరిన నెలలో చేయాల్సిన పనులు కొన్ని ఉంటాయి, వాటిని చాలామంది వదిలేస్తారు. బండి రుణం ముగిసినప్పుడు బకాయి ఏమీ లేదని తెలిపే పత్రం, అంటే నో డ్యూస్ సర్టిఫికెట్, అడిగి తీసుకున్నాం. బండి పత్రాల్లో రుణదాత పేరును తొలగింపజేశాం. బ్యాంకులో ఉన్న ఆటో డెబిట్ ఆదేశాన్ని రద్దు చేశాం. కొన్ని నెలల తరువాత క్రెడిట్ రిపోర్టు తెప్పించి, ఆ రుణం ముగిసినట్టు నమోదైందో లేదో చూసుకున్నాం. కార్డు వాయిదాలకూ ఇలాగే చేశాం. వ్యక్తిగత రుణానికి సంబంధించిన ఇవే పనులను ఏడాది పట్టికలో ఆఖరి వాయిదా పడే గడి పక్కన ఇప్పటికే రాసి పెట్టాం.